నాలుగూ రెండుకి పోయిన కరెంటు

వాసిం మూడోసారి టీ తెస్తానని లోపలికి వెళ్ళినప్పుడు గడియారం చూసుకున్నాను. పదీ నలభై ఎనిమిది. మొదటిసారి పదీ పదహారుకి వెళ్ళాడు, రెండోసారి పదిన్నరకి. మొదటి గ్లాసు నా ముందే చల్లారి మీగడ కట్టింది. నేను టీ తాగనని వచ్చీరాగానే చెప్పాను.

అబద్ధం చెప్పే మనిషి చూపు తప్పిస్తాడని అందరూ నమ్ముతారు. ఇలా ప్రైవేటుగా కేసులు పరిశోధించడం మొదలెట్టక ముందు ఇరవై రెండేళ్ళు కాలేజీలో సైకాలజీ చెప్పాను కానీ ఆ మాట మాత్రం ఏ క్లాసులోనూ చెప్పలేదు. అబద్ధాలకోరు సూటిగానే చూస్తాడు. అతను ఏ ప్రశ్నకి తడబడుతున్నాడో లెక్కపెట్టుకోవాలి, అంతే. మనుషుల గురించి అడిగితే వాసిం వెంటనే జవాబిస్తున్నాడు. అంకెల గురించి అడిగితే టీకి వెళుతున్నాడు.

తెనాలిలో అతని షెడ్డు ముందు వైపు, కాపురం వెనక వైపు. మధ్యలో ఒక పరదా. ఈ కాలపు కారు ఇంజన్‌కి ఒక కంప్యూటర్ ఉంటుంది. ఎంత పెట్రోలు పోయాలి, టర్బో పంకా ఇంజన్ లోపలికి ఎంత గాలి తొక్కాలి, ఏ వేగం దగ్గర ఆపాలి, అన్నీ పట్టికలుగా అందులో రాసి ఉంటాయి. వాసిం ఆ ఫైలు బయటికి తీసి, అంకెలు మార్చి, తిరిగి లోపలికి రాస్తాడు. ఒక్క బోల్టు మార్చకుండానే కారుకి నాలుగో వంతు బలం పెరుగుతుంది. గుంటూరు నుంచి, విజయవాడ నుంచి కుర్రకారు టర్బో కార్లు వేసుకుని ఇతని దగ్గరికే వస్తారు.

వాళ్ళలో ఒకడు రవిశంకర్. పిట్టలవానిపాలెం రైస్ మిల్లు యజమాని రంగనాయకులు గారి ఒక్కగానొక్క కొడుకు. పోయిన శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి అతని ఎర్ర కూపే కారు ఈ షెడ్డు నుంచి పని పూర్తయి వెళ్ళింది. ఆదివారం పొద్దున ఆరూ ఇరవైకి, మిల్లుకి నాలుగు కిలోమీటర్ల దూరంలో, బాపట్ల రోడ్డు మీద వడ్ల లారీని దాటబోయి, ఎదురుగా బస్సు వస్తే తప్పించి, కాలువలో పడింది. రవిశంకర్ అక్కడికక్కడే పోయాడు. వాసిం చేసిన మార్పుల వల్లే తన కొడుకు చచ్చిపోయాడని రంగనాయకులు గారు ఫిర్యాదు ఇచ్చారు. ఇవాళ శుక్రవారం. ఇన్సూరెన్స్ కంపెనీ పరిశోధకుడు సాయంత్రం ఐదింటికి తన రిపోర్టు పంపిస్తాడు. అది అందగానే వాసింని అరెస్టు చేస్తారు.

నిన్న రేపల్లెలో మా ఇంటికి వచ్చి ఈ కేసు నాకు అప్పగించింది వాసిం భార్య షాహీనా. వెళ్ళేటప్పుడు, "మీరు ఏది కనిపెట్టినా పర్లేదండి, ఆయన్ని మాత్రం లోపలెయ్యనివ్వకండి" అంది. ఆ "ఏది కనిపెట్టినా" అన్న మాట రాత్రంతా నా పక్కనే కూర్చుంది.

వాసిం గ్లాసుతో వచ్చాడు.

"ఇందాక మీరడిగింది మేడం, టర్బో ఒత్తిడి, ఇంజన్ నిమిషానికి మూడువేల ఆరొందలు తిరిగే దగ్గర, కొంచెం తగ్గించాం. ఎండాకాలం గాలి వేడిగా ఉంటుంది కదండీ, అందుకని."

"లోపలికి వెళ్ళకముందు గుర్తులేదన్నావు."

"టీ పెడుతుంటే గుర్తొచ్చిందండి."

"నీకు టీ పెట్టడం వచ్చా?"

నవ్వబోయి మానేశాడు. అతని వేళ్ళ చివర్లు నల్లగా, కాలిన మచ్చలతో ఉన్నాయి. స్పానర్ పట్టే చేతులు.

ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాను. పోలీసులు వాసిం ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళక ముందు షాహీనా దాని తెర మీద తీసిన ఫొటో అది. కారులోకి ఫైలు రాసిన ప్రతిసారీ ఆ ల్యాప్‌టాప్ టైం నమోదు చేస్తుంది. శనివారం ఉదయం పదకొండూ ఐదుకి ఒకటి. అది వాసిం చేసిన పని, దాన్ని అతను ఒప్పుకుంటున్నాడు. తర్వాత సాయంత్రం నాలుగూ రెండుకి ఒకటి మొదలై, కరెంటు అందక మధ్యలో ఆగిపోయింది. నాలుగూ ముప్పై ఒకటికి మళ్ళీ మొదలై, ముప్పై ఎనిమిదికి పూర్తయింది. అప్పుడు రాసిన ఫైలు ల్యాప్‌టాప్‌లో లేదు. తుడిచేశారు.

"శనివారం నాలుగింటికి ఎక్కడున్నావు?"

"ఇక్కడే ఉన్నానండి. షెడ్డులో."

"అయితే ఆ రెండోసారి రాసింది నువ్వేనా?"

"నేనే అయ్యుంటానండి."

"అయ్యుంటావా?"

నేను లేచి షెడ్డు చుట్టూ తిరిగాను. మూల రెండు పెద్ద బ్యాటరీలు, వాటి మీద ఇన్వర్టర్. ఫైలు రాసేటప్పుడు కారు బ్యాటరీకి బయటి నుంచి నిలకడగా కరెంటు ఇవ్వాలట. మధ్యలో పోతే కారు కంప్యూటర్ మొద్దుబారిపోతుంది, మళ్ళీ మొదట్నుంచీ రాయాలి.

"కరెంటు పోతే ఇది ఎంతసేపు ఆదుకుంటుంది?"

"నాలుగ్గంటలండి. ఇది పెట్టాక ఒక్క కారు కూడా మధ్యలో ఆగలేదు" అని గర్వంగా అన్నాడు. అన్నాక తను ఏమన్నాడో అర్థమైనట్టు మెడ మీద చెయ్యి వేసుకున్నాడు.

గోడకి బిల్లులు గుచ్చిన తీగ వేలాడుతోంది. పైనుంచి నాలుగోది గుంటూరులో విడిభాగాల కొట్టుది. శనివారం తేదీ. కింద కంప్యూటర్ కొట్టిన టైం, మూడూ యాభై రెండు. వాసిం అని పేరు, సంతకం.

"ఈ కాగితం చాలు నువ్వు బయటపడ్డానికి. ఎందుకు దాచావు?"

అతను చటుక్కున వచ్చి బిల్లు లాక్కున్నాడు. నాలుగుగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అది నాది కాదండి. పనివాడు తెచ్చుంటాడు."

"నీకు పనివాళ్ళు లేరుగా."

పరదా వెనక గాజులు కదిలాయి, ఆగాయి. వాసిం అటు చూడలేదు. చూడకుండా ఉండడానికి అతని మెడ నరాలు బిగుసుకున్నాయి. దొంగ తనకి లేని సాక్ష్యం పుట్టిస్తాడు. ఇతను ఉన్న సాక్ష్యాన్ని జేబులో దాచుకున్నాడు. ఇన్నేళ్ళలో నేను చూసిన మనుషుల్లో తన వైపు తలుపు తానే మూసుకున్నవాడు ప్రతిసారీ ఇంకొకరిని లోపల ఉంచి మూశాడు.

"వాసిం, ఫైలు రాసేది నువ్వు కాదు కదా?"

"నాలుగో టీ తెమ్మంటారా మేడం?" అన్నాడు నెమ్మదిగా. ఈసారి కదల్లేదు.

*

బాపట్లలో పోలీసులు కారుని ఉంచిన ఆవరణకి పన్నెండూ ఇరవైకి చేరాను. మనోజ్ అప్పటికే అక్కడ నీడ చూసుకుని కూర్చున్నాడు. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున వచ్చింది ఇతనే. నా దగ్గర మూడేళ్ళు చదివాడు. చివరి బెంచీ నుంచి తెలివైన ప్రశ్నలు అడిగి, జవాబు వినకుండా కిటికీలోంచి చూసేవాడు.

"రండి మేడం. కారుకి కూడా కౌన్సెలింగ్ ఇద్దామని వచ్చారా?"

"నువ్వు మూడేళ్ళు విన్నావుగా, ఇచ్చి ఉంటావనుకున్నా."

"ఇచ్చానండి. బాల్యంలో ఏ బాధా పడలేదంట. తెనాలిలో ఒకడు బలవంతంగా బలం ఎక్కించాడంట. అంతే చెప్పింది."

ముందు భాగం నలిగి, రేడియేటర్ ఇంజన్‌కి అతుక్కుపోయి ఉంది. ఎండిన బురద పెచ్చులుగా లేస్తోంది. ముందు సగం కాలువ నీళ్ళలో మునగడంతో ఇంజన్ కంప్యూటర్ పనికి రాకుండా పోయిందని మనోజ్ చెప్పాడు. సీట్ల మధ్యలో ఉండే ఎయిర్‌బ్యాగ్ పెట్టె మాత్రం బతికింది. గుద్దుకోవడానికి ముందు ఐదు సెకన్లు కారు ఏం చేసిందో అది గుర్తుపెట్టుకుంటుంది.

"నీ రిపోర్టులో ఏం రాశావు?"

"టర్బో ఓర్చుకోలేనంత గాలి తొక్కించారు. లారీని దాటేటప్పుడు పగిలింది. బలం పడిపోయింది. ఎదురుగా బస్సు. కథ అయిపోయింది."

"పగిలిన టర్బోని చూశావా?"

"కనిపిస్తానే ఉందిగా మేడం, ఎలా నలిగిందో."

చీర కొంగు దోపుకుని వంగాను. రబ్బరు గొట్టం సగం ఊడి వేలాడుతోంది. దాన్ని పక్కకి లాగి టర్బో లోపలికి వేలు పెట్టాను. చిన్న పంకా రెక్కలు తగిలాయి. నెట్టాను. కొంచెం గరగరమంది, తర్వాత తిరిగింది. రెక్క ఒక్కటీ విరగలేదు. అటూ ఇటూ ఊగడం కూడా లేదు.

"నువ్వు తిప్పి చూడు."

"చొక్కా ఇస్త్రీ మేడం."

"తిప్పు మనోజ్."

తిప్పాడు. వేలి మసి చూసుకుని రుమాలుకి తుడుచుకున్నాడు. ముఖంలో నవ్వు పోలేదు కానీ గట్టిపడింది.

"ఆ ఐదు సెకన్ల కాగితం ఇటివ్వు."

"మీరు వాడి తరఫు. నేనెందుకివ్వాలి?"

"నువ్వు తప్పు రాస్తే, కోర్టులో వేలు పెట్టి తిప్పేది ఇంకెవరో అవుతారు. అప్పుడు నీ చొక్కా ఇస్త్రీ ఎవరూ చూడరు."

ఆ కాగితం అతని ఫైల్లోనే ఉంది. ఇవ్వలేదు, నా ముందు పట్టుకున్నాడు. ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను.

యాక్సిలరేటర్: ఆఖరి అర సెకను తప్ప పూర్తిగా తొక్కి ఉంది. బ్రేకు: ఆఖరి అర సెకను మాత్రమే. వేగం: డెబ్భై ఆరు, ఎనభై, ఎనభై, ఎనభై, ఎనభై.

మళ్ళీ చదివాను.

"టర్బో పగిలితే వేగం తగ్గాలి కదా. ఎక్కడ తగ్గింది?"

"తగ్గకపోయినా పెరగలేదుగా."

"అదే అడుగుతున్నా. ఇంత బలం ఉన్న కారు, పూర్తిగా తొక్కితే, ఎనభై దగ్గర గీత గీసినట్టు ఎందుకాగింది?"

మనోజ్ కాగితం తనవైపు తిప్పుకుని చూశాడు. అతను జవాబు కోసం వెతకడం నేను మొదటిసారి చూశాను. అయితే అది ఎక్కువసేపు లేదు.

"ఏదైనా వాడు రాసిన ఫైలేగా మేడం. ఎక్కువ రాసినా తక్కువ రాసినా వాడే. నా మెయిల్ ఐదింటికి వెళుతుంది. ఆలోగా ఇంకోడి పేరు చెప్పండి, మారుస్తా."

కారు పక్కనే కాసేపు నిలబడ్డాను. మనిషి తన కారుని బుర్రతో నడపడు. లారీ వెనక నుంచి బయటికి తిప్పేముందు అతను ఏ లెక్కా వెయ్యడు. ఎంత తొక్కితే ఎంత దూకుతుందో ఒంటికి తెలుసు, ఆ నమ్మకం మీద బయటికి వస్తాడు. ఎనభై దాకా ఆ కారు పాత కారే. మిల్లు నుంచి నాలుగు కిలోమీటర్లలో అతనికి ఎనభై దాటే అవసరం పడలేదు. మొదటిసారి పడినప్పుడు అడిగాడు. కారు ఇవ్వలేదు. అతని ఒంట్లో ఉన్న కారు ఒకటి, అతని కింద ఉన్న కారు ఇంకొకటి.

రవిశంకర్‌ని చంపింది ఎక్కువైన బలం కాదు. ఎవరో అతనికి చెప్పకుండా తీసేసుకున్న బలం.

ఎవరు, ఎక్కడ? తెనాలి షెడ్డులో అయితే కరెంటు పోయినా పని ఆగేది కాదు. నాలుగూ రెండుకి ఆగింది కాబట్టి, ఇన్వర్టర్ లేని చోట రాశారు. ఆ నిమిషంలో ఎక్కడ కరెంటు పోయిందో తెలిస్తే ఆ చోటు తెలుస్తుంది. విద్యుత్ శాఖ కంట్రోల్ రూంలో ఏ ఊళ్ళో ఏ లైను ఎప్పుడు ఆగిందో రిజిస్టర్ రాస్తారు. అక్కడ పనిచేసే షారోన్ మా చర్చి అమ్మాయి. ఫోన్ చేశాను.

"తెనాలి టౌన్‌లో శనివారం అసలు పోలేదాంటీ. రేపల్లెలో పొద్దున పోయింది. బాపట్లలో లేదు." కాగితాలు తిప్పుతున్న చప్పుడు. "ఆఁ, ఇదుగో. పిట్టలవానిపాలెం వైపు మిల్లుల లైను. నాలుగూ రెండుకి పోయి నాలుగూ ఇరవై నాలుగుకి వచ్చింది. ఎందుకాంటీ?"

"ఏం లేదమ్మా. ఆదివారం కలుస్తా."

*

మిల్లు ఆఫీసు గదిలోకి మూడూ నలభైకి వెళ్ళాను. యంత్రాల అదురుకి బల్ల మీద నీళ్ళ గ్లాసు సన్నగా వణుకుతోంది. రంగనాయకులు గారు తవుడు పడిన తెల్ల చొక్కాతో కూర్చుని ఉన్నారు. కొడుకు పోయిన ఐదో రోజున కూడా మిల్లు ఆపలేదు. కొందరికి చప్పుడు ఆగితే లోపలిది వినిపిస్తుంది.

"కూర్చోమ్మా. ఆ తురకాయన తరఫునంటగా మీరు. అయినా వచ్చారు, మంచినీళ్ళు తాగండి."

"రవిశంకర్ కారు శనివారం ఎక్కడుందండీ?"

"ఇక్కడే. మా వీధిలో తిరగదని మిల్లు షెడ్డులోనే పెట్టేవాడు. తెనాలి నుంచి తెచ్చి పెట్టేసి, కోడల్ని తీసుకుని వేటపాలెం పెళ్ళికి వెళ్ళాడు, వాళ్ళ మామగారి కారులో."

"నాలుగింటికి ఆ కారు దగ్గరికి ఎవరొచ్చారు?"

దాస్తారని అనుకున్నాను. ఆయన దాచలేదు. అదే నన్ను భయపెట్టింది.

"షాహీనా వచ్చింది. నేనే రమ్మన్నాను."

"వాసిం భార్యా?"

"పనంతా ఆ అమ్మాయిదేనమ్మా. మావాడితో మొదటిసారి వెళ్ళినప్పుడే కనిపెట్టాను. వాడు బానెట్టు ఎత్తుతాడు, అంకెలన్నీ పరదా వెనక ఆవిడ చూస్తుంది. ఆడమనిషి చేసిందంటే ఈ కుర్రాళ్ళు కార్లు ఇవ్వరని వాడి పేరు పెట్టుకున్నారు." గ్లాసు మీద చెయ్యి పెట్టారు. వణుకు ఆగింది. "అడిగాను. అమ్మా, నాకు ఒక్కడే. ఎనభై దాటకుండా కట్టెయ్యి, వాడికి తెలియనివ్వకు అన్నాను."

"ఒప్పుకుందా?"

"లేదు. నడిపేవాడికి చెప్పకుండా మార్చకూడదండి, మా ఆయన వింటే ఊరుకోడు అంది. నేను దణ్ణం పెట్టాను."

ఆ గదిలో నాకు ఆ దృశ్యం కనిపించింది. అరవై దాటిన పెద్దమనిషి, వందమందికి పని ఇచ్చే మనిషి, కూతురి వయసు పిల్ల ముందు రెండు చేతులు జోడించడం. కాదనడం ఆ పిల్లకి ఎవరూ నేర్పి ఉండరు. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌లో టైం చూసి ఎవరి పనో వాసింకి అర్థమై ఉంటుంది. ఫైలు తుడిచింది కూడా అతనే అయ్యుంటాడు. అందుకే బిల్లు జేబులోకి వెళ్ళింది.

"మొదటిసారి కరెంటు పోయి ఆగింది. మళ్ళీ వచ్చాక రాసింది. ఎనభై పెట్టానని చెప్పి వెళ్ళింది" అన్నారాయన. "మరి ఎనభైలో ఎవడైనా చస్తాడామ్మా? మావాడు చచ్చాడంటే, రాత్రికి రాత్రి ఆ వాసింగాడికి తెలిసి వచ్చి మళ్ళీ తీసేశాడు. పెళ్ళాం చేసింది చెరిపేశాడు. వాణ్ణి వదలను."

ఇప్పుడర్థమైంది ఆయన ఎందుకు దాచలేదో. ఐదు రోజులుగా ఈ మనిషి ఒకే ఒక్క ఊత మీద నిలబడి ఉన్నాడు: నేను కాపాడాను, ఇంకొకడు చంపాడు. ఆ ఊతని లాగేసే కాగితం నా ఫోన్‌లో ఉంది. చూపించకపోతే గంటలో వాసిం లాకప్‌లో ఉంటాడు. చూపిస్తే ఈయన ఎక్కడుంటాడో నాకు తెలియదు. ఇన్నేళ్ళ చదువులో దీనికి జవాబు దొరుకుతుందేమోనని ఒక్క క్షణం వెతికాను.

ఫోన్ ఆయన ముందు పెట్టాను.

"ఇది కారు లోపలి పెట్టె చెప్పింది. ఆఖరి ఐదు సెకన్లు."

కళ్ళజోడు పెట్టుకున్నారు. వేలితో ఒక్కో అంకె మీదా ఆగుతూ చదివారు. డెబ్భై ఆరు. ఎనభై. ఎనభై. మూడో ఎనభై దగ్గర వేలు కదల్లేదు.

"పూర్తిగా తొక్కే ఉన్నాడా?"

"ఉన్నాడండి."

"లారీ పక్కనుండగా."

"అవునండి."

యంత్రాలు ఆడుతున్నాయి. ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. ఏడుస్తారని చూశాను. ముఖంలో ఏదో మెల్లగా మూసుకుంటూ పోయింది. తలుపు తర్వాత తలుపు.

"ఇది స్నేహ చూసిందా?"

"లేదండి."

"కోడలు చూడకూడదు."

బల్ల మీద ఫోన్ తీశారు. నాది కాదు, తనది. ఎవరికో చేశారు.

"నమస్తే సి.ఐ. గారూ. రంగనాయకుల్ని. ఐదింటి దాకా ఎందుకండీ, ఆ వాసింని ఇప్పుడే తెచ్చెయ్యండి. ఆఁ, ఇన్సూరెన్స్ అబ్బాయితో నేను మాట్లాడతాలెండి."

"రంగనాయకులు గారూ, ఇప్పుడే మీరు నాతో చెప్పారు..."

"ఏం చెప్పానమ్మా?" అదే మర్యాద, అదే మెత్తదనం. "మంచినీళ్ళు తాగమన్నాను."

నా ఫోన్ మీద ఆయన అరచెయ్యి పెట్టారు. వెనక్కి ఇవ్వలేదు.

"మనోజ్ దగ్గర అసలు కాగితం ఉంది" అన్నాను.

"ఉండనీయండి. ఎనభై ఎవరు పెట్టారో ఆ కాగితం చెప్పదుగా. అది చెప్పేది ఫైలు. ల్యాప్‌టాప్‌లో లేదు. కారులోది నీళ్ళపాలైంది. ఇంకొక్కటే ఉంది, ప్రతి ఫైలూ ఆ అమ్మాయి పెన్‌డ్రైవ్‌లో దాచుకుంటుంది." కిటికీ వైపు చూశారు. "పొద్దున ఫోన్ చేసి తెమ్మన్నాను. వాసిం చెరిపేశాడని రుజువు దొరుకుతుందని. అప్పటికి నాకు అంతే తెలుసు."

కిటికీలోంచి చూశాను. గేటు ముందు ఆటో ఆగింది. షాహీనా దిగి, చున్నీ సవరించుకుని, గుప్పిట్లో ఏదో బిగించి పట్టుకుని లోపలికి నడిచింది. భర్తని విడిపించేది తన చేతిలో ఉందనుకుంటున్న నడక. ఆటో వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఎవరూ చెప్పకుండానే వాచ్‌మన్ గేటు వేసి గొలుసు తగిలించాడు. లేక ముందే చెప్పి ఉంచారేమో.

రంగనాయకులు గారు లేచి చొక్కా మీద తవుడు దులుపుకున్నారు.

గోడ గడియారం చూశాను. నాలుగూ రెండు.

ఈసారి కరెంటు పోలేదు.